ఉప్పునీటిలో రెండు దిమ్మెలు

కొత్త రేవు గోడకు ఏ కంకర వాడాలో తేల్చేందుకు, ఏళ్లుగా సముద్రంలో వేలాడిన రెండు కాంక్రీటు దిమ్మెలను మామా మేనకోడలూ పైకి లాగారు.

“మామయ్యా, మీ దిమ్మె అంచులు గోటికే రాలుతున్నాయి. అగ్నిపర్వతపు కంకరా బూడిదా కలిపిన నాది చెక్కుచెదరలేదు.”

“చిల్లుల రాయమ్మా అది. మీ తాతయ్య దాంతో మడమలు రుద్దుకునేవారు.”

“మీ కంకరతోనే ఆయన కట్టిన గోడ ఇప్పుడెక్కడుంది?”

“కూలి సముద్రంలో ఉంది. అయినా దిమ్మెలు నువ్వు మార్చలేదని నమ్మకమేమిటి?”

“మీ తాడుకు ముడి వేసింది మీరే, అది అలాగే ఉంది. నన్ను నమ్మకనే కదా వేశారు.”

“నేను ఒప్పుకోకపోతే?”

“సముద్రం మీ ఒప్పుదల కోసం ఆగలేదు. నేనూ ఆగను. రేపు పొద్దున్నే నా కంకరతోనే కాంక్రీటు పోత.”

మామయ్య తన ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఆ రాయిని పొడిగా కలిపితే సిమెంటుకు పోసిన నీళ్లన్నీ అదే తాగేస్తుంది. వెళ్లి నానబెట్టు.”

“నిన్ననే నానబెట్టాను, మామయ్యా.”