చెంచురామయ్య చేతుల బలం

చెంచురామయ్యకి చేతుల్లో సత్తువ పోయిందంట. పోయిందని ఆయన అనుకున్నాడులే, ఏ డాక్టరూ చెప్పలా. ఆ సైకిలు గోడకి ఆనించి నువ్వు గూడా కూర్చో శీనయ్యా, మొదట్నించీ ఇను. పామూరు అవతల ఒక ఊళ్ళో బాడుగ కారు నడుపుకునే ఆయన ఈ చెంచురామయ్య, అరవైకి దగ్గర పడినాడు అనుకో. కారు పాతదే గానీ ఎంత సుకుమారం అంటే, స్టీరింగు చిటికెనవేలితో తిప్పితే తిరిగేదంట. పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని మలుపు తిప్పితే ఆ పిల్ల తల్లో పూలు కదిలేవి కాదంట. అట్టాంటి బండి ఏమైందంటే, ఒక సమ్మచ్చరం నించి మెల్లమెల్లగా బరువెక్కింది. నీళ్ళ ట్యాంకు కాడ మలుపు తిప్పాలంటే రెండు చేతులూ ఏసి, పళ్ళు బిగబట్టి, సీట్లోంచి సగం లేచి తిప్పాల. తిప్పినప్పుడల్లా ఊఁ అని మూలుగు. మూలిగింది బండా, చెంచురామయ్యా అని ఎనక కూర్చున్నోళ్ళకి తెలిసేది కాదంట.

ఇంకోడైతే బండికేదో వచ్చిందనుకుంటాడు గదా. ఈయన అట్టనుకోలా. బండికేం రోగం, నాకే వయసు మీద పడింది అనుకున్నాడు. అనుకుని ఎవురికీ చెప్పలా. ఎందుకంటే ఈయన పెళ్ళాం రవణమ్మకి ఒక తమ్ముడుండాడు, మాలకొండయ్య. పొద్దున లేస్తే వచ్చి, బావా, పెద్దోడివైపోయినావు, తాళం ఇట్టా ఇచ్చి నువ్వు అరుగు మీద కూర్చో, బండి నేను చూసుకుంటా అని చెయ్యి చాపేవాడు. తాళం పోయిందా, ఇంక ఈ ఊళ్ళో నన్ను మనిషిగా ఎవురు లెక్కపెడతారు అని ఈయన దిగులు. నిజంగా దిగులే, కూడు గూడా సయించేది కాదంట. అందుకని ఏం చేసినాడు, పొద్దున్నే రెండు కోడిగుడ్లు మింగి, దొడ్లోకి పోయి, ఇసక మూట ఎత్తడం దించడం, ఎత్తడం దించడం. రవణమ్మ అడిగితే, మూట కింద ఎలకలుండాయేమో చూస్తా ఉండా అనేవాడంట. సమ్మచ్చరం పాటు ఎలకల్ని చూసినాడు. చేతులు రోకళ్ళ మాదిరి అయినాయి గానీ స్టీరింగు మాత్రం బరువెక్కతానే ఉండాది.

అంతలో దసరా వచ్చింది. ఆ ఊళ్ళో ఆచారం ఏందంటే, ఆయుధపూజనాడు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, నీళ్ళ ట్యాంకు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాల. మాలకొండయ్య పదిమందిలో అననే అన్నాడు, బావా, ఈసారి చుట్టు పూర్తిగా తిప్పు, తిప్పలేకపోతే తాళం నాకియ్యి అని. ఈయన మీసం మీద చెయ్యేసి సరే అన్నాడు. సరే అని ఇంటికొచ్చి, రవణమ్మ పూజకి పసుపు కలపతా ఉంటే ఎదురుగా కూలబడి, ఓమే, నా చేతులు పోయినాయే అని ఏడ్చినాడంట. ఆమె పసుపు చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది. ఈ చెయ్యి పోయిందా, అయితే ఉండే చెయ్యి ఎవురికుందో చూపీ అన్నది. అని పోయి, కారెక్కి, ఆయన చేత ఇంజను ఏపించి, తనే స్టీరింగు తిప్పి చూసింది. ఊఁ అన్నది బండి. పిండి రుబ్బేటప్పుడు రోట్లో నీళ్ళు చాలకపోతే పొత్రం ఇట్టనే గదయ్యా గట్టిపడి మూలిగేది, దీంట్లో ఏందో తడి ఆరింది, నీ చెయ్యి గాదు అని, మెకానిక్కు జిలానీకి ఫోన్ చేపించింది.

జిలానీ వచ్చి బానెట్టు ఎత్తి, అక్కా, స్టీరింగు ఆయిల్ సీసా యాడుంది, ఈడంతా పసుపు ముద్దలే ఉండాయే అన్నాడు. ఏమైందంటే, రవణమ్మ ఏడు దసరాల నించి దాంట్లో కనపడిన దానికల్లా పసుపు పూసి బొట్టు పెడతా ఉండాది. పెట్టిన బొట్టు చెరపగూడదని పాతదాని మీదనే కొత్తది. ఏడు పూతలు అనుకో. జిలానీ అంటాడు, ఇది తెల్ల సీసాక్కా, లోపల ఆయిలు బయటికి కనపడతాది, మీద రెండు గీతలుంటాయి, ఆయిలు ఆ రెంటి మజ్జన ఉండాల, తగ్గితే స్టీరింగు బరువెక్కతాది, గీతల్ని దాచిపెడితే ఎట్టా చూసేది, ఉండు గీకుతా అని. గీకనియ్యలా రవణమ్మ, బొట్టు చెరిపితే బండికి కీడు అన్నది. అని, మొగుడి మొహం చూసింది. ఆ మొహం చూసినాక ఆమెకి మనసు ఆగలా. చెరిపితే గదా కీడు, తానం చేపిస్తే ఏం కీడు అని, తడిగుడ్డ తెచ్చి తన చేత్తోనే సీసా తుడిచింది. చూస్తే ఆయిలు కింది గీతకి గూడా కిందనే, అడుగున ఉండాది. ఇంట్లో ఆముదం ఉంది పోద్దామా అన్నాడు చెంచురామయ్య. అది నీ తలకి పెట్టుకోన్నా అని, జిలానీ ఆయిలు చెమరస్తా ఉండే పైపు బిగించి, ఆ బండికి పోయాల్సిన ఆయిలే తెచ్చి, పై గీత దాటకుండా పోసినాడు. ఇంజను ఏసి స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ నాలుగైదుసార్లు తిప్పితే బుడగలొచ్చి ఆయిలు కొంచెం దిగింది, ఆ కొంచెం మళ్ళీ పోసినాడు. మూలుగు పోయింది.

ఇంక ఊరంతా ట్యాంకు కాడ ఉండాది. మాలకొండయ్య కొత్త తెల్లచొక్కా ఏసుకుని మలుపులో తన పేడదిబ్బ ముందర నిలబడినాడు, అప్పుడే చెయ్యి చాపుకుని. నిమ్మకాయలు చితికినాయి, మలుపొచ్చింది. ఆయిల్ పోసిన సంగతి చెంచురామయ్య బుర్రకి తెలుసు గానీ చేతులకి తెలవదు గదా. సమ్మచ్చరం అలవాటు. పళ్ళు బిగబట్టి, సగం లేచి, ఇసక మూట గుంజినట్టు ఒక్క గుంజు గుంజినాడు. స్టీరింగు గిర్రున తిరిగింది. ట్యాంకు చుట్టూ తిరగాల్సిన కారు నేరుగా బామ్మర్ది మీదికి పొయ్యింది. వాడు ఎనక్కి ఎగిరి దిబ్బలో పడినాడు, చాపిన చెయ్యి చాపినట్టే ఉండాదంట. కారు దిబ్బకి ముక్కు ఆనించి నిలబడింది. చెంచురామయ్య అద్దం దించి, బలం కొంచెం ఎక్కువైంది బామ్మర్దీ, ఏమనుకోమాక అని, ఎనక్కి తీసి, చిటికెనవేలితో చుట్టు పూర్తి చేసుకుని వచ్చినాడు.

తాళం ఇప్పటికీ ఆయన మొల్తాడుకే ఉండాది. రవణమ్మ దసరాకి అన్నిటికీ పసుపు పూస్తాది, ఆ సీసాకి మాత్రం పూయదు. పై గీత పక్కన ఒక కుంకం బొట్టు, కింది గీత పక్కన ఒక బొట్టు, అంతే. నెలకోసారి ఆయన బానెట్టు ఎత్తి, ఆయిలు ఆ రెండు బొట్ల మజ్జన ఉందా లేదా చూసుకుంటాడంట. చుక్క నూనె తక్కువైతే ఒళ్ళు పోయిందని ఏడ్చే మొగోళ్ళయ్యా మీరు. నువ్వేంది శీనయ్యా నవ్వతా ఉండావు, మోకాళ్ళు పీకతా ఉండాయంటివే నిన్న, పోయి ముందు ఆ సైకిలు చైనుకి ఇంత నూనె ఎయ్యి, నువ్వొస్తా ఉంటే ఈదంతా ఇనపడతా ఉండాది.