బావి గట్టున ఆరేసిన ఎనిమిది గుడ్డలు

ఊరవతల చవిటి నేలలో మొండి చింతచెట్టు, దాని పక్కన బావి చూశారుగా? నీళ్లు కొబ్బరినీళ్లే, అయినా చేద వేసే మనిషి లేడు. ఎందుకంత భయమని మొన్న ఈ బాలస్వామి నవ్వాడు. నవ్వరా, పళ్లూడేదాకా నవ్వు. ఆ చెట్టు తల నరికింది గొడ్డలి కాదు, విమానం.

ఆ ఏడు పత్తికి పురుగు పట్టి ఊరంతా నెత్తిన చేతులు పెట్టుకుంటే, మందు కొట్టడానికి ఓ కంపెనీ వాళ్లు చిన్న విమానం పంపారు. ఒక్క మనిషే పట్టేవాడు అందులో. నడిపే ఆయన పేరు సుదర్శనం, ఏ తల్లి బిడ్డో, చేల మీద పోతూ మాకు చెయ్యూపేవాడు. ఆయన దిగడానికి చవిటి నేల చదును చేసి, ఆ దారి మొదట్లో ఎనిమిది తెల్లగుడ్డలు వరసగా పరిచి రాళ్లు పెట్టేవాళ్లు. పైనుంచి అవే ఆయనకు ఆనవాలు, గుడ్డలు ఎక్కడుంటే అక్కడికి దిగాలి. ఆ గుడ్డలకు కావలి గురవయ్య.

సరే, ఓ రోజు పొద్దుగుంకే వేళ విమానం వచ్చింది, వచ్చి దారిదాకా పోకుండా బావి దగ్గరే కిందికి వంగింది, చింతచెట్టుకు తగిలింది, గట్టున కూలింది. జనం పరిగెత్తేసరికి ఆ బిడ్డలో ప్రాణం లేదు. చూస్తే ఏముందీ, దారి మొదట్లో ఒక్క గుడ్డా లేదు, ఎనిమిదీ బావి పక్కన వరసగా ఆరేసున్నాయి, గాలికి ఎగరకుండా మీద రాళ్లు. ఆరేసింది ఊరి బట్టలుతికే నాంచారమ్మ.

మధ్యాహ్నం గురవయ్యే తెచ్చిచ్చాడంది నాంచారమ్మ. రేపు ఆఫీసరు వస్తాడు, తెల్లగా ఉతకమన్నాడంట. మరి విమానం రాదా అంటే, ఈ పూట పక్కూళ్లోనే ఆగిపోద్ది, రాదన్నాడంట. గురవయ్యేమో అసలు నేనివ్వలేదు, పాకలో కునుకు తీస్తుంటే తనే ఎత్తుకుపోయిందన్నాడు. చూసినవాళ్లు లేరు. ఊరు ఎవర్ని నమ్మింది? చెప్పాలా? కంపెనీ జీతగాణ్ణా, గాడిదా ఉతుకుబండా తప్ప ఏమీ లేని ఆడమనిషినా?

మర్నాటి నుంచి ఆమెకు మూట వేసిన ఇల్లు లేదు. పురిటి బట్టలు ఉతికించుకున్న వాళ్లే ఆమెను చూసి తలుపేసుకున్నారు. ఆమేం తక్కువ తిన్లేదు, వీడు చూసుంటాడా, అది దాస్తోందా అని ప్రతి మొహం లోకీ తొంగి చూసేది. నన్నడిగితే అనుమానం పత్తిపురుగు కంటే చెడ్డది, దానికి కొట్టే మందు లేదు.

ఇంతలో ఏమైందీ, పదకొండో రోజు అదే వేళకు బావి మీద బర్రుమని చప్పుడు, పైకి చూస్తే విమానం లేదు. లారీ అన్నారు కొందరు. ఆ చవిట్లో లారీకి దారేదీ? మా కనకమ్మత్త తెల్లచీర కట్టుకుని నీళ్లకు పోతే ఆ చప్పుడు నెత్తి మీదికి దిగిందంట, బిందె వదిలేసి వచ్చింది. రంగుచీరల జోలికి రాలేదు, తెలుపు కనిపిస్తేనే వచ్చేది. దెయ్యమైనా ఆ బిడ్డ ఇంకా దిగే చోటు వెతుక్కుంటున్నాడని నాంచారమ్మ ఒక్కదానికే తట్టింది.

పెద్దల దగ్గరికి పోయి, తడిబట్టలతో ప్రమాణం చేస్తాను, వాణ్ణీ చెయ్యమనండి, గుళ్లో కాదు, బావి దగ్గర, ఆ వేళకే, తెల్లబట్టల్లోనే అంది. గురవయ్య నవ్వాడు గానీ, రానంటే ఊరు తననే అనుమానిస్తుందని వచ్చాడు.

ఊరంతా దూరంగా నిలబడ్డాం. ఇద్దరూ బిందెడు నీళ్లు గుమ్మరించుకున్నారు. వాడే ఇచ్చాడు, రాదని వాడే చెప్పాడు అని ఆమె చెయ్యి చాపింది. చప్పుడు వచ్చింది, ఆమె నెత్తి మీదుగా పోయింది, తడికొంగు కూడా కదల్లేదు. తర్వాత వాడు నేనివ్వ... అన్నాడో లేదో, చప్పుడు వెనక్కి తిరిగింది. తిరిగి కిందికి వంగింది. చింతాకు జలజలా రాలింది, దుమ్ము లేచింది, గురవయ్య బోర్లా పడి నెత్తి కప్పుకుని, నేనే ఇచ్చా బాబూ, కావలి తప్పించుకుని పెళ్లి భోజనానికి పోవాలని, విమానం రాదని చెప్పా, అని గావుకేక పెట్టాడు. అంతే, చప్పుడు ఆగింది.

ఒక్కళ్లమూ ఆమె మొహం చూడలేకపోయాం. తెల్లారేసరికి ఆమె గుమ్మంలో మూటలే మూటలు. తీసుకుందా అంటే తీసుకుంది, ఆకలి ఊరుకోదుగా. మాతో మాత్రం మాట్లాడలేదు. మా ఇంటి మూటా అందులో ఉంది, ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

ఆ రోజు నుంచి పొద్దువాలితే చాలు, ఆమె ఆ దారి మొదటికి పోయి ఓ తెల్లగుడ్డ పరిచి రాళ్లు పెట్టి వచ్చేది, బిడ్డ దిగుతాడని. ఆమె ఉన్నన్నాళ్లూ బావి మీద చప్పుడు లేదు. ఇప్పుడామె లేదు, పరిచేవాళ్లూ లేరు.

అందుకే చెబుతున్నా, పొద్దువాలాక తెల్లబట్టలు కట్టుకుని అటు పోకండి. కడుపులో అబద్ధం ఉంటే మాత్రం, ఏ రంగు కట్టుకున్నా పోకండి. బాలస్వామీ, నవ్వడం ఆపావేరా?