వంక పారేదాకా

రెండువేల తొమ్మిది. శ్రావణం వచ్చినా రాయదుర్గం పక్క పల్లెల్లో చినుకు లేదు. మాజీ సర్పంచు బయ్యన్న ఇంటి వసారాలో వనజాక్షి నిలబడి ఉంది. జీన్సు ప్యాంట్లు కుట్టే చేతులు ఆమెవి. ఖాళీగా ఉంటే వాటినేం చేయాలో తెలియదు. వాకిట్లో బయ్యన్న కోసం జీపు ఆగి ఉంది. లోపల ఆయన భార్య తిమ్మమ్మ మజ్జిగ చిలుకుతూ ఉంది.

"కూచోమ్మే ముందు. నిలబడే ఉండావు."

"పర్వాలేదు చిన్నాయనా."

"తొలి బస్సుకు వచ్చినట్లుండావు. ఏమన్నా తిన్నావా?"

"ఆదివారం పెళ్లంట."

"నేనడిగిందేమి, నువ్వు చెప్పేదేమి."

"సరళకు. ఆదివారం. బళ్లారి పక్క ఎవరో, పెండ్లాం చచ్చిపోయినాయన. వాళ్లన్న తిప్పేస్వామి కుదిర్చినాడు. ఆషాఢంలో పెళ్లి చేయగూడదని ఇన్ని దినాలు ఇంట్లో పెట్టి గడియ వేసినాడు. నీ మాటంటే వింటాడు. ఆపు చిన్నాయనా."

"చూడు పాపా, నాకిప్పుడు టైం లేదు. జీపు నిలబడి ఉండాది. రాయదుర్గంలో ధర్నా. మైకు కాడ నేనే మాట్లాడల్ల."

"దేనికి ధర్నా?"

"నీకు తెలీదా? టీవీలో నెల నుంచి అదే గదా. ఢిల్లీ కోర్టు చెప్పిందంట, మొగోళ్లు మొగోళ్లు ఉండొచ్చు, ఆడోళ్లు ఆడోళ్లు ఉండొచ్చు, పెళ్లిళ్లు గూడా చేసుకోవచ్చు అని. ఇట్లాంటివి మన సీమలో లేవు, రానీయం అని తాసిల్దారుకు చెప్పి వస్తాం. అన్ని పార్టీలోళ్లూ వస్తాండారు. ఎప్పుడూ కలవనోళ్లు దీనికి కలిసినారు."

"కరువుకు కలిసినారా?"

"ఏమి?"

"ఏం లేదు. పెళ్లి మాట కోర్టు అన్లేదు చిన్నాయనా. జైల్లో పెట్టగూడదు అనింది. అంతే."

"అంతా చదివినట్లుండావే."

"చదవల్నా? మిషన్ల కాడ గూడా అదే టీవీ. సూపర్‌వైజరు ఆ వార్త చూసి, మా ఇద్దరి దిక్కు తిరిగి, మీరూ ఇదే బాపతు గదా అన్న్యాడు. అందరూ నగినారు. సాయంత్రానికి ఆ నగు ఊరికి వచ్చింది. తెల్లారేసరికి తిప్పేస్వామి మా రూముకు వచ్చి సరళను పిలుచుకపోయినాడు."

"నగుబాటు గదమ్మే మరి. వాడి దిక్కు నుంచి గూడా చూడు."

"అంతకు ముందు మాకు పేరు లేదు. ఒక రూము, ఒక పొయ్యి. ఇంటాయన అక్కచెల్లెళ్లా అని అడిగితే ఊ అన్న్యాం. పేరు లేనప్పుడు బతికినాం."

"ఇప్పుడు గూడా అక్కచెల్లెళ్లనే అనుకో. చెల్లెలి పెళ్లికి అక్క ఏడుస్తాదా?"

"నేను ఏడవలేదు."

"అదే నాకు భయంగా ఉండాది. ఏడవకుండా చెప్తాండావు, రేషనంగట్లో చక్కెర రాలేదని చెప్పినట్ల."

"ఏడుపు రాలేదు. వస్తే ఏడుస్తా."

"ఇంతకూ ఆ పిల్ల ఏమంటాంది? సరళ?"

"నిన్న కిటికీ కాడికి పోయినా. మిషనుకు నూనె వేసినావా అని అడిగింది."

"అంతేనా?"

"వేసినా అన్న్యా. వాళ్ల వదిన వచ్చి కిటికీ మూసింది."

"తిమ్మీ! మజ్జిగ తేవే ఈ పిల్లకు."

"తెస్తానే ఉండా. నువ్వు మాటలు తగ్గించు. తిన్నావా అంటే ఆ పిల్ల చెప్పనే లేదు, తెలీలేదా నీకు?"

"నాకొద్దు చిన్నమ్మా."

"నువ్వు వద్దంటే నేను ఒప్పుకుంటానా? పట్టుకో. తాగేది తర్వాత తాగు, ముందు పట్టుకో."

"చూడు వనజా, నేను చెడ్డోణ్ణి గాను. ఒక ఆడిది ఇంకో ఆడిదాన్ని చూసుకుంటా బతికితే నాకేం నొప్పి లేదు. బతకండి. ఎవరికీ చెప్పకుండా బతకండి. టీవీలో హక్కులు హక్కులు అని అరుస్తాండారే, దాంతోనే చెడింది."

"నేను హక్కు అడగలేదు. గడియ తీయించమన్న్యా."

"తీయిస్తా. తిప్పేస్వామి నన్ను అడుగుతాడు గదా, నా చెల్లెలి పెళ్లి ఆపేదానికి ఆ వనజాక్షి ఎవురు, మా సరళకు ఏమైతాది అని. నేనేం చెప్పల్ల? ఏమైతావు నువ్వు?"

"పెళ్లి చేసింది నువ్వే గదా చిన్నాయనా."

"ఏం పెళ్లి?"

"మా ఇద్దరికీ."

"ఏయ్! నోరు! డ్రైవరు వింటాండాడు."

"విననీ."

"నేను చేసినానా? మీకా? యాడ? ఎప్పుడు?"

"ఈ వాకిట్లోనే. మేము పలకబడికి పోయే కాలంలో. పందిరేసి, తప్పెట్లు కొట్టిచ్చి."

"అది... తూ! అది వానపెళ్లి!"

"పెళ్లే గదా."

"వానపెళ్లి పెళ్లామ్మే? మొండి కరువు వచ్చినప్పుడు ఊరు ఊరంతా చేసేది. ఈడేరని ఆడపిల్లలని ఇద్దర్ని తెచ్చి, ఒకదానికి తలపాగా చుట్టి..."

"నాకు చుట్టినావు."

"...ఒకదానికి బాసికం కట్టి..."

"సరళకు."

"...ఆడిదానికి ఆడిదాన్ని కట్టబెట్టేదాకా వచ్చినాం, చూడు సామీ మా బతుకు అని దేవునికి చూపిచ్చేది. ఆయనకు సిగ్గు పుట్టి వాన కురిపిస్తాడు. అది పెళ్లి కాదు. దేవుని మీద ఫిర్యాదు."

"నాతో తాడు కట్టిచ్చినావా లేదా?"

"తాడా అది? దారానికి పసుపుకొమ్ము."

"చిన్నమ్మకు నువ్వు ఏం కట్టినావు?"

"నాకూ పసుపుకొమ్మే కట్టినాడు లేమ్మే. బంగారు తర్వాత చేయిస్తా అన్న్యాడు. ఇంకా చేయిస్తానే ఉండాడు."

"నువ్వు లోపలికి పోవే తిమ్మీ! గాడిదలకు చేయలేదా వనజా? మొన్నటేడు రెండు గాడిదలకు బ్యాండు పెట్టి చేసినాం. అవి వచ్చినాయా, మా సంసారం చెడుతాంది బయ్యన్నా అని?"

"గాడిదలకు మళ్లా విప్పినారు. నేను చూసినా. మేళం ఎంత గట్టిగా చేస్తారో విప్పేది గూడా అంత గట్టిగా చేస్తారు. చెప్పు చిన్నాయనా, వానపెళ్లి ఎట్ల విప్పుతారు?"

"నాకు నేర్పిస్తావా? మా తాత కాలం నుంచి అది చేయించేది మా ఇల్లే. వాన పడి వంక పారతానే పెళ్లి పిల్లలని ఆడికి పిలుచుకపోవల్ల. పారే నీళ్లలో ఆ దారం వదలల్ల. పెళ్లి తీరిపాయ."

"వదలకపోతే?"

"వదలకుండా ఎట్లుంటారు?"

"వదలకపోతే?"

"వదలకపోతే... నిలబడుతాది."

"ఏం నిలబడుతాది?"

"పెళ్లి."

"మా ఇద్దర్నీ వంక కాడికి ఎవరు పిలుచుకపోయినారు?"

"ఎవరో పోయింటారు. మా నాయన పిలుచుకపోయింటాడు."

"మామ ఆ యేడు పక్షవాతం వచ్చి మంచం మీద ఉండె. చెంబు నీళ్లు నేనే తాపిస్తాంటి."

"నిన్ను లోపలికి పొమ్మంటి గదనే!"

"పోతాలే. పెద్దరికం నీది. పందిట్లో అక్షింతలు వేస్తాండంగానే చినుకు పడింది. నువ్వు చేతిలో అక్షింతలు ఆడ్నే పారేసి, గొర్రు ఎత్తుకొని ఉరికినావు విత్తేదానికి. నేను శెనక్కాయ విత్తనాల గంప నెత్తిన పెట్టుకొని నీ యనకాల. ఊరంతా అంతే. ముసలోళ్లు గూడా ఉరికినారు. ఆ పిల్లల్ని ఎవరు చూసినారప్పా?"

"మేము పందిట్లోనే కూచున్న్యాం. పీటల మీద నుంచి లేయగూడదని చెప్పింటిరి గదా. పందిరి కారింది. నా తలపాగా రంగు మొగమంతా దిగింది. సరళ నగింది."

"ఆ మర్నాడు..."

"ఎవరూ రాలేదు. ఆ వారమంతా ఊరు సేన్లలోనే. తర్వాత గూడా ఎవరూ అడగలేదు."

"ఈ మాట ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు."

"తిప్పేస్వామికి?"

"లేదు."

"ఊర్లో ఎవరికన్నా?"

"నీకే చెప్తాండా."

"చెప్పగాకు. నీకు పుణ్యముంటాది. ఆ యేడు తర్వాత ఈ ఊరికి నికరంగా పంట వచ్చిందా? పొలాలన్నీ ఎండి, బోర్లన్నీ ఎండి... బయ్యన్న విప్పేది మర్చిపోయినాడు, ఆ పాపమే ఇది అంటారు. మావోడు వచ్చే ఎలక్షన్లో నిలబడల్లని ఉండాడు. ఒక్క ఓటు పడుతాదా?"

"నేను ఓట్ల మాటకు రాలేదు. సరళ కోసరం వచ్చినా."

"ఆఁ. ఆఁ. ఒక పని చేద్దాం. ఇప్పుడే విప్పేద్దాం. జీపు పంపించి సరళను పిలిపిస్తా. వంక కాడికి పోదాం, నేనుంటా, దారం వదిలేయండి. ఎవరికీ తెలీదు. అయిపాయ. తర్వాత ఆదివారం పెళ్లి ఆదివారం..."

"వంకలో నీళ్లుండాయా చిన్నాయనా?"

"నీళ్లు..."

"పారే నీళ్లు అంటివి."

"ట్యాంకరు తెప్పిస్తా."

"తెప్పిస్తావు! తాగేదానికే ట్యాంకరు కాడ బిందెలతో కొట్టుకుంటాండాం. ఆ నీళ్లు పోయి వంకలో పారబోస్తే ఊరోళ్లు నిన్ను అదే వంకలో పూడుస్తారు."

"పామిడికి పోదాం. పెన్న కాడికి."

"పెన్నలో ఇసక లారీలు పారతాండాయి పో. నీళ్లు కాదు."

"నువ్వు ఎవరి పక్కనే తిమ్మీ?"

"నేను పక్కలో లేను, వంటింట్లో ఉండా. మన వంకనే గదా పెద్దోళ్లు చెప్పింది? పెన్నలో వదిలితే పెన్న ఒప్పుకుంటాదో ఒప్పుకోదో, నాకేం తెలుసు."

"అయితే..."

"అయితే ఏమి చిన్నాయనా?"

"అయితే వంక పారేదాకా విప్పేదానికి లేదు."

"విప్పేదాకా?"

"విప్పేదాకా సరళ... పెళ్లైన పిల్ల."

"పెళ్లైన పిల్లకు ఇంకొకాయనతో తాళి కట్టిస్తే?"

"కట్టించగూడదు. నేను మొదటి పెళ్లి చేసినోణ్ణి, నేను ఊరుకుంటే ఆ పాపం మొదలు నా ఇంటికే తగులుతాది. ఏం తెచ్చి పెట్టినావే నా నెత్తిన, పొద్దున్నే!"

"ఈ మాట పోయి తిప్పేస్వామికి చెప్పు."

"చెప్పల్ల. చెప్పకుండా ఎట్ల? వాడూ కరువుకు భయపడేవాడే, అప్పు తెచ్చి బోరు వేసి ఎండబెట్టుకున్న్యాడు. వింటాడు. మరి ధర్నా..."

"ధర్నాకూ పో. ముందు తిప్పేస్వామి ఇంటికి పోయి పో."

"పోయి ఏం మాట్లాడల్ల మైకులో? మన సీమలో ఇట్లాంటివి లేవని చెప్పల్ల గదా నేను."

"చెప్పు. నేనేం అన్ను."

"నువ్వు ఏమన్నా అంటే బాగుంటాదే. తిడితే బాగుంటాది. ఆ మొగం అట్ల పెట్టుకొని... ఏయ్ డ్రైవరూ! జీపు తిప్పు. రాయదుర్గం తర్వాత. తిప్పేస్వామి ఇంటికి పోనీ. వనజా, ఒక మాట. వాన పడి వంక పారిన పొద్దు నువ్వు రావల్ల. ఇద్దరూ రావల్ల."

"సరళను నాతో పంపించు. ఇద్దరం వస్తాం."

"పంపించక? పెళ్లైన పిల్లని పుట్టింట్లో ఎన్నాళ్లు పెట్టుకుంటారు? మొగుని ఇంటికి... ఛీ! నా నోట్లో నుంచి ఏం మాట వస్తాంది!"

జీపు పోయింది. దుమ్ము వసారా దాకా వచ్చి అణిగింది. ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు.

"మజ్జిగ తాగనేలేదు నువ్వు."

"తాగుతా చిన్నమ్మా."

"చెప్తాడులే. మా ఆయన మనిషికి భయపడడు గానీ పాపానికి భయపడతాడు. సాయంత్రానికి ఆ పిల్ల నీ కాడ ఉంటాది."

"ఊఁ."

"ఊఁ అంటావేందే? సంతోషం లేదా?"

"వచ్చినంక చూడల్ల. ఇప్పుడేం తెలీలేదు. నిద్ర వస్తాంది."

"పడుకో ఈడ్నే, చాప వేస్తా. ఊరంతా వాన కోసరం మొక్కుతాండాది, నువ్వేం మొక్కుతావు పాపం. వాన పడితే విప్పల్ల. పడకపోతే మేము చస్తాం."

"పడనీ చిన్నమ్మా. మీరు చచ్చేది ఏంటికి."

"ఆ దారం నీ కాడ ఉండాదా, సరళ కాడ ఉండాదా? ఎలకలు కొట్టకుండా డబ్బాలో పెట్టుకోండి. ఆ పొద్దు మా ఆయన అడుగుతాడు."

"లేదు."

"ఏం లేదు?"

"దారం."

"అయ్యో. యాడ పాయ?"

"ఆ మర్నాడే. మీరందరూ సేన్లలో ఉండారు. వాన నిలబడింది. సరళ నా చెయ్యి పట్టుకొని వంక కాడికి పిలుచుకపోయింది. మెడలో దారం తీసి నీళ్లలో వదిలింది."

"విప్పల్లని తెలిసేనా?"

"మాకేం తెలుసు. వంక పారేది మేమిద్దరం అదే మొదలు చూసేది. ఎంత దూరం కొట్టుకపోతాదో చూద్దామని."