ఇరవైమూడో నంబరు పట్టీ

ఉటా కొండల్లో అక్టోబరు నెల. వంటింటి బల్ల దగ్గర ఇద్దరు: ఆ ఇంటావిడ వెర్లా, ఆవుల జీపీఎస్ మెడపట్టీలు వెనక్కి పట్టుకుపోవడానికి యూనివర్సిటీ నుంచి వచ్చిన కెండ్రా.

"ఇరవై రెండేనా? నేను ఇరవైమూడు ఇచ్చాను కదా. మళ్లీ చూసుకో."

"సరిపోయాయండీ వెర్లా గారూ. ఒక్కటి విడిగా పెట్టాను."

"ఎందుకు విడిగా?"

"అది పాడైందండీ. ఇరవైమూడో నంబరు. అందులోని లెక్కలు మా పరిశోధనకి పనికిరావు."

"పాడవలేదు. నిన్న రాత్రి కూడా దాని దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. కూచో కెండ్రా. అలా నిలబడితే తలెత్తి మాట్లాడలేను. బంగాళాదుంపలు వేడి చేశాను."

"వద్దండీ, తినే వచ్చాను."

"తినాలి. చర్చివాళ్లు ఏడు పళ్లేలు తెచ్చారు. ఏడూ ఇదే వంట. మనిషి పోతే బంగాళాదుంపల మీద చీజ్ వేసి తేవడం తప్ప మా వాళ్లకి ఇంకోటి తోచదు. మూడు వారాలైంది, ఫ్రీజర్ తలుపు ఇంకా సరిగ్గా పడట్లేదు."

"థేన్ గారికి ఇష్టమేనటగా."

"నా మొగుడికి ఎవరు వండినా ఇష్టమే. ఇంతకీ మీ చదువు అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టేనండీ. ఆవులు నీళ్లకి ఎంత దూరంలో మేస్తాయో, కొండ ఎందుకు ఎక్కవో అన్నీ తేలాయి."

"అడిగితే నేను చెప్పేదాన్ని. కింద వాగూ నీడా ఉండగా కొండెందుకు ఎక్కుతాయి? దానికి మూడేళ్లు పట్టీలు కట్టారు."

"థేన్ గారు కూడా అదే అనేవారు."

"అనేవాడు. మళ్లీ సాయంత్రమయ్యేసరికి నువ్వు కూచున్న కుర్చీలోనే కూచుని ఫోన్‌లో చుక్కలు చూసుకుని మురిసేవాడు. ఇదిగో పదకొండు ఇక్కడుంది, అదిగో నాలుగు అక్కడుంది అని. నీ మెడకీ ఒకటి కట్టించుకో, భోజనం వేళకి ఎక్కడ చచ్చావో నాకూ తెలుస్తుంది అన్నాను ఓసారి."

"వెర్లా గారూ."

"నవ్వాడులే. ఆ ఇరవైమూడు సంగతి చెప్పు."

"ఏముందండీ చెప్పడానికి."

"షెరిఫ్ నాకో సంచి ఇచ్చాడు. అందులో టోపీ, చేతి తొడుగులు, చాకు, నీ పట్టీ. ఆవు మెడలో ఉండాల్సింది మా ఆయన భుజాన ఉందట."

"ఆ రోజు పొద్దున ఏడింటికి ఇంటికి ఫోన్ చేసింది నేనేనండీ. ఇరవైమూడు రెండు రోజుల్నుంచి కదలట్లేదు, చచ్చిపోయిందేమో కాస్త చూస్తారా అని."

"తెలుసు. పక్కనే ఉన్నాను."

"ఆవు చచ్చే ఉందట కదండీ."

"పొట్ట ఉబ్బి. కొండ నెత్తిన. పక్క బీడు ఆసామి, వాన్, తర్వాత వెళ్లి చూశాడు. మా ఆయన పట్టీ విప్పి భుజాన వేసుకుని గుర్రమెక్కి ఉంటాడు, నీకు ఇవ్వాలని."

"నేను ఫోన్ చెయ్యకపోయుంటే..."

"అది వదిలెయ్. ఆవు కదలకపోతే ఫోన్ చెయ్యడం నీ పని. వెళ్లి చూడ్డం ఆయన పని. నేనడిగేది ఆ తర్వాతది. గుర్రం ఎక్కడ పడేసింది? ఎన్నింటికి పడేసింది? ఎంతసేపున్నాడు?"

"డాక్టరు చెప్పారు కదండీ."

"పడగానే పోయాడన్నాడు డాక్టరు. బిషపూ అదే అన్నాడు. వానూ అదే. ముగ్గురిదీ ఒకటే ముక్క, కూడబలుక్కున్నట్టు. నీ చుక్కలు ఎవరితోనూ కూడబలుక్కోవు కదా."

"కొండల మధ్య ఒక్కోసారి తప్పు చూపిస్తుందండీ."

"ఇందాక పాడైందన్నావు, ఇప్పుడు తప్పంటున్నావు. ఏదో ఒక్క అబద్ధమే చెప్పు తల్లీ. గుర్తుపెట్టుకోవడం నీకే తేలిక."

"ల్యాప్‌టాప్ తెరుస్తానండీ. ఒక్క నిమిషం."

"తెరువు. నాకేం తొందర లేదు."

"ఇదిగోండి, మీ బీడు."

"ఆఁ. ఇది కొండనెత్తి, ఇది వాగు. ఈ చివర వాన్ వాళ్ల గేటు. ఈ రంగులేంటి?"

"ఎరుపు నడక. నీలం పడక. ఆకుపచ్చ మేత."

"పడుకుందో మేస్తోందో దానికెలా తెలుస్తుంది?"

"పది నిమిషాలకో చుక్క పెడుతుందండీ. చుక్కలు దూరదూరంగా పడితే నడుస్తోందని. ఒకేచోట పడితే పడుకుందని. కొంచెం కొంచెం జరుగుతుంటే మేస్తోందని."

"ఆవుల సంగతి బాగానే కనిపెట్టింది. ఊఁ. ఈ ఎరుపంతా గుర్రం మీద. ఎన్నింటిదాకా?"

"పదకొండుంపావు."

"తర్వాత?"

"తర్వాత నీలమేనండీ. అక్కడితో ఆగిపోయింది."

"పదకొండుంపావుకే."

"అవునండీ. డాక్టరు చెప్పినట్టే. ఆయనకి ఏమీ తెలిసుండదు."

"మరి తెర మీద ఇక్కడ అరచెయ్యి పెట్టావేం?"

"ఊరికేనండీ."

"ఉంచుకో, తియ్యక్కర్లేదు. ఆయన్ని పెట్టెలో పెట్టేముందు తెల్లబట్టలు తొడిగింది నేనే. మా వాళ్లలో అదో ఆచారం, ఇంటివాళ్లే తొడుగుతారు. చొక్కా చేతులు ఎక్కించాలి కదా. రెండు మోచేతుల మీదా తోలు లేదు కెండ్రా. గోళ్ల నిండా మట్టి. పడగానే పోయినవాడి మోచేతులు అలా అవుతాయా?"

"అవవండీ."

"ఎంతసేపు?"

"మూడున్నర గంటలు."

"అంటే మూడింటికి పావుగంట ముందు దాకా."

"అప్పటిదాకా కదిలారు."

"ఎంత దూరం?"

"మూడువందల గజాలు. కొండ దిగి వాగు దాకా. ఇంటివైపే."

"దొరికింది అక్కడే. చెయ్యి తియ్యి, చూస్తాను. ఇవన్నీ ఆకుపచ్చే."

"ఇరవై ఒక్క చుక్కలండీ."

"మేత అనుకుంది."

"మనిషి పాకినా దానికి అలాగే ఉంటుందండీ."

"దాన్నేమంటాం? యంత్రం. దానికేం తెలుసు?"

"కొంచెం నీళ్లు తాగుతారా?"

"వద్దు. పన్నెండింటికి ఈ బల్ల మీద రెండు పళ్లేలు పెట్టాను. ఒంటిగంటకి ఆయన పళ్లెం మీద మూత పెట్టాను. పొద్దున మాటా మాటా అనుకున్నాం. పెద్దదేం కాదు, తొట్టి దగ్గర నీళ్ల గొట్టం గురించి. బాగుచేస్తా బాగుచేస్తా అని వేసవంతా గడిపేశాడు. అలిగి వాన్ ఇంట్లో తింటున్నాడు కాబోలు అనుకున్నాను. తిననీ, ఎన్నాళ్లు తింటాడో చూద్దాం అనుకున్నాను. ఆ కొండల్లో ఫోన్ పలకదు. ఆరింటికి వానే ఫోన్ చేశాడు, మీ గుర్రం ఒంటరిగా మా గేటు దగ్గర నిలబడిందేమిటని."

"మీకెలా తెలుస్తుందండీ."

"తెలీదు. ఒంటిగంటకి బండి తీసుంటే?"

"అలా అనుకోకండి."

"అనుకోవడం లేదు. అడుగుతున్నాను. ఇక్కణ్నుంచి వాగు దగ్గరికి ఇరవై అయిదు నిమిషాలు. ఒంటిగంటా ఇరవై అయిదుకి చుక్క ఉందా?"

"ఉందండీ."

"ఆకుపచ్చేనా?"

"ఆకుపచ్చే."

"సరే."

"వెర్లా గారూ."

"సరే అన్నాను కదా. ఏడుపు రావట్లేదు చూడు. వస్తుందంటారు అందరూ, ఓ రోజు ఉన్నట్టుండి వస్తుందట. ఆదివారం చర్చిలో మా ఆడబిడ్డ నా మొహం చూడ్డానికే ముందు వరసలో కూచుంది, పాపం. ఏం చెయ్యను? ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టుంది. గిల్లినా తెలియట్లేదు."

"మీ తప్పు ఏమీ లేదండీ."

"అది బిషప్ చెప్పేశాడు. నిజం చెప్పావు, అది చాలు. ఆలస్యంగా వెళ్లానని నాకు తెలుసు. ఎంత ఆలస్యమో తెలీదు. ఇప్పుడు తెలిసింది. బయట ఎవరికీ చెప్పకు. వాళ్లు పడగానే పోయాడనే అనుకోనీ."

"చెప్పనండీ."

"బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి, తిను. అదేంటి, నువ్వేడుస్తున్నావేం?"

"మీకు తెలీదండీ. మీరు వంటింట్లో ఉన్నారు. మీకు కనబడదు."

"అయితే?"

"థేన్ గారి ఫోన్‌లోకి వచ్చినట్టే మాకూ చుక్కలొస్తాయండీ. ఉపగ్రహం నుంచి, ఎప్పటిదప్పుడే. ఆ రోజు మీకు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ నేను ఆఫీసులో తెర ముందే కూచున్నాను, ఇరవైమూడు లేస్తుందా లేదా అని. పదింటికి కదిలింది."

"చూశావా నువ్వు?"

"మధ్యాహ్నం అక్కడే కూచుని అన్నం తిన్నానండీ, దాన్నే చూస్తూ. ఆకుపచ్చ చుక్క పడ్డప్పుడల్లా హమ్మయ్య అనుకున్నాను. పుస్తకంలో కూడా రాసుకున్నాను, ఇరవైమూడు బతికే ఉంది, మేస్తోంది అని."