లాడ్జి దుప్పట్ల లెక్క

మొక్కజొన్న చేలోని వాతావరణ యంత్రం దగ్గరికి మేనకోడలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేసరికి, మేనత్త నడుం మీద చేతులేసుకుని సిద్ధంగా ఉంది.

"నీళ్ళు తగ్గించమన్నావు, తగ్గించాను. చూడు, చేను ఎలా మొహం వేలాడేసిందో!"

"అదే అంతుపట్టట్లేదత్తా. ఈ యంత్రమేమో గాలి నిండా తేమే, చేలో నీరు పెద్దగా ఆవిరవట్లేదు అంటోంది. ఉపగ్రహం ఫొటోలోనేమో చేను పెనంలా కాలిపోతోంది."

"రెండిట్లో ఒకటి అబద్ధమాడుతోంది."

"ఉపగ్రహానికి నీ మీద పగేముంది? అవునూ, యంత్రం మీద ఇదేంటి?"

"లాడ్జి వాళ్ళు ఉతకమని ఇచ్చిన దుప్పటి. ఉతికినవి ఉతికినట్టు రోజూ పొద్దున్నించీ దీనిమీదే ఆరేస్తున్నాను. పదిరోజులైంది."

"తడి దుప్పటి ముసుగేస్తే దానికి తేమ కాక ఇంకేం తెలుస్తుంది! నా లెక్కంతా నాశనం చేశావు కదత్తా!"

"నన్నంటావేం? ఇంత మందం దుప్పటి అరగంటలో అట్టముక్కలా ఆరిపోతుంటే, నీరు ఆవిరవట్లేదంటుందేంటి ఈ పిల్ల అని రోజూ అనుకుంటూనే ఉన్నా. చదువుకున్నదానివి కదా అని నోరు మూసుకున్నాను."

మేనకోడలు దుప్పటి తీసి అత్త భుజాన వేసింది.

"రేపటినుంచి ఇవి ఇంటి దగ్గర ఆరెయ్యి."

"సరే."

"ఎంతసేపట్లో ఆరాయో మాత్రం రోజూ ఫోన్ చేసి చెప్పు."