నలభై కాళ్లాయన

ఏదీ, ఇలా ఇవ్వు చూద్దాం. జాగ్రత్తమ్మా, కాళ్లు వంగుతాయి. మీ తాతయ్య పెట్టెలో ఇంకా ఉందా ఈ బోర్డు! ఈ పెద్ద చిప్పు చూశావా, జెర్రిలాగా అటు ఇరవై, ఇటు ఇరవై కాళ్లు. మీ తాతయ్య ప్రతి బోర్డులోనూ ఇదే పెట్టేవారు, అందుకే వర్క్‌షాపులో ఆయన్ని నలభై కాళ్లాయన అనేవాళ్లం. వెనకాలేలే. ఎదురుగా అయితే గురువుగారే. కూర్చో, ఆ కుర్చీ కాదు, దానికో కాలు లూజు.

చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా? మైక్రోకంట్రోలర్‌కి ఉన్న సిగ్నల్ దారులు ఎక్కడ చాలుతాయి? గుడ్లు పొదిగించే హేచరీ అంటే ఫ్యాన్లు, హీటర్లు, గుడ్లు తిప్పే మోటారు... దాని పక్కన ఈ పాత చిప్పు కలిపితే ఇంకో ఇరవై నాలుగు దారులొస్తాయి. మా మేనేజరు ఉండేవాడు, ముక్కుతో మాట్లాడేవాడు. "ఇంకా ఈ ముసలి చిప్పులేంటండీ, కొత్తవి బోలెడు వచ్చాయిగా" అని సాగదీసేవాడు. మీ తాతయ్య తలెత్తేవారు కాదు. "కొత్తవాటి కోపాలు నాకింకా తెలీవు బాబూ, దీనివి తెలుసు" అనేవారు. చిప్పుని నేరుగా అతికించేవారు కాదు, కింద సాకెట్ పెట్టేవారు. పాడైతే ఎవరైనా పీకి మార్చుకోవాలని. ఏంటీ? ఆఁ, దానికే వస్తున్నా. ఈ వయసులో మాట కూడా మెట్లెక్కినట్టే, మధ్యలో ఆగాలి.

ఆ కోడిపిల్లల హేచరీకి బోర్డు ఆయనది, ప్రోగ్రాం నాది. చిప్పు తాలూకు కాగితాల కట్ట నా చేతికిచ్చి, "ఎర్ర పెన్సిల్‌తో గీసింది మాత్రం తప్పకుండా చదవరా" అన్నారు. నేను దానిమీద టీ గ్లాసు పెట్టుకున్నాను. నాకేమో మొదట్నించీ భయం జాస్తి. వేసిన తాళమే నాలుగుసార్లు లాగి చూస్తాను. "తలుపు ఊడొస్తుంది, వదలండి" అని మా ఆవిడ తిట్టేది. ఏ దారి లోపలికి, ఏది బయటికి అని ఆ చిప్పుకి మొదట్లో ఒక్కసారి చెబితే చాలు. ఎక్కడ మర్చిపోతుందో అని నేను గంటకోసారి మళ్లీ చెప్పించాను.

నెలన్నర బాగానే నడిచింది. ఓ రోజు భోజనాల వేళ, అక్కడ ఎవరూ లేరు, పెద్ద ఫ్యాన్ ఆగిపోయింది. గది ఉడికిపోయింది. రేపో ఎల్లుండో పిల్లలవ్వాల్సిన గుడ్లు. హేచరీ యజమాని ఒక గుడ్డు తెచ్చి మా బల్లమీద పెట్టాడు. "చెవి దగ్గర పెట్టుకుని వినండి సార్, నిన్నటిదాకా లోపల పొడిచేది." అంతే, ఒక్క తిట్టు తిట్టలేదు. మేనేజరు మాత్రం "నే చెప్పలా? ముసలి చిప్పు, ముసలి మనిషి" అన్నాడు. ఆ వారమే ఆ బోర్డు చేతికిచ్చి మీ తాతయ్యని ఉద్యోగంలోంచి పంపేశారు. మీ అమ్మకప్పుడు పదేళ్లేమో. నాన్న తప్పు చేశాడనే అనుకుంటూ పెరిగింది. నువ్వూ అదేగా అడుగుతున్నావు.

తప్పు చిప్పుది కాదమ్మా. రెండేళ్ల తర్వాత బల్ల ఖాళీ చేస్తుంటే ఆ కాగితాలు దొరికాయి. గుండ్రంగా టీ మరక, దాని మధ్యలో ఎర్ర గీత. ఏ దారి ఎటన్న మాట మళ్లీ చెబితే బయటికెళ్లే దారులన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయని ఉంది. నా ప్రోగ్రాం రెప్పపాటులో మళ్లీ వెలిగించేసేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆ రోజు ఆ సందులో వేడి కొలిచే పని అడ్డమొచ్చి ఆలస్యమైంది. ఫ్యాన్‌కి కరెంటు కలిపే రిలే పడిపోయింది. ఆ ఫ్యాన్ ఒకసారి ఆగిందంటే మనిషొచ్చి బటన్ నొక్కాల్సిందే.

అప్పటికి ఆయన బతికే ఉన్నారు. ఇంకో నాలుగేళ్లు ఉన్నారు. చెబుదామని మూడుసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ఇదే బోర్డు ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, "రిలే పక్కన ఇంకో కెపాసిటర్ వేసుండాల్సిందిరా, నాదే పొరపాటు" అనేవారు. ఇదిగో, ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఇవన్నీ తర్వాత అతికించినవే. పదకొండు. "పోనీలెండి గురువుగారూ" అని టీ తాగి వచ్చేశాను, మూడుసార్లూ.

అలా చూడకమ్మా. కాదు, చూడు.

మీ అమ్మ ఇంటికొచ్చే వేళయిందా? ఫోన్ కలుపు. వద్దొద్దు, నువ్వు చెప్పకు. ఇలా ఇవ్వు. మోగుతోంది... అమ్మాయ్, నేనే. ఏం లేదు, కంగారుపడకు, పాప ఇక్కడే ఉంది, బాగానే ఉంది. మీ నాన్న కట్టిన బోర్డులో తప్పేం లేదమ్మా. తప్పు నాది. ఆయన ఎర్ర పెన్సిల్‌తో గీసిచ్చింది నేను చదవలేదు.