వరదమ్మ గారి లూపు పాఠం, నా కడుపుమంట

1993వ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీన శ్రీమతి వరదమ్మ గారు తిరుత్తణిలోని మన పాలిటెక్నిక్‌లో గణిత అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. హాజరుపట్టీలో ఆమె పేరు కింది పేరు నాది. ముప్పై మూడేళ్లుగా పిల్లల మనసుల్లోనూ అదే వరుస కొనసాగిందని, ఏమాత్రం సంతోషం లేకుండా అంగీకరిస్తున్నాను.

1999లో కంప్యూటర్ విభాగం ఏర్పడగా, మా ఇద్దరినీ శిక్షణకై తిరువళ్లూరుకు పంపారు. రైల్లో నేను కునుకు తీసేవాడిని, ఆమె పుస్తకం చదివేవారు. అయినా పరీక్షలో ప్రథమ స్థానం నాకే దక్కింది. ఈ వాక్యాన్ని సంపాదకులు తొలగించరాదని మనవి.

అటుపై అంతా ఆమె పక్షమే. ఒకే పనిని కంప్యూటర్ చేత పలుమార్లు చేయించే లూపు పాఠాన్ని నేను నిర్వచనంతో ఆరంభించి, నిర్వచనంతోనే ముగించేవాడిని. ఆమె తరగతి కిటికీల వద్ద ఇతర విభాగాల పిల్లలు సైతం నిలబడి వినేవారు.

2016లో మా అమ్మాయి నివేద ఇక్కడే విద్యార్థిని. ఇంట్లో నేను మూడుమార్లు బోధించినా, ఒకే పంక్తిని యాభైసార్లు రాసుకుని ప్రయోగశాలకు వెళ్లింది. నేను గుమ్మం వద్ద ఉండగానే వరదమ్మ గారు అడిగారు:

"మీ అవ్వ చీరలో బుటాలు ఎట్ట లెక్క పెట్టుకుంటాది?"

"ఒక బుటా అయితే మగ్గం కట్టె మీద ఒక సుద్దగీత పెడతాది మేడం. యాభై గీతలైనాక నిలిపేస్తాది."

"సరి. బుటా ఎట్ట నేయాల్నో ఒకసారి చెప్పు. ప్రతి బుటాకూ గీత పెట్టమను. యాడ నిలపాల్నో చెప్పు. మిగిలింది మిషన్ చూసుకుంటాది."

మగ్గం మా ఇంటిది. నేసేది మా అమ్మ. పూండి అనే ఊరి రైతుబిడ్డ అయిన వరదమ్మ గారికి తట్టిన ఉదాహరణ, ఆ మగ్గం పక్కనే పెరిగిన నాకు పదిహేడేళ్లు తట్టలేదు. ఆ సాయంత్రం నివేద, "నాయనా, యాడ నిలపాల్నో నువ్వు చెప్పనేలేదు" అనింది. నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు నివేద గుమ్మిడిపూండిలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉంది. వరదమ్మ గారి నేటి పదవీ విరమణ సభకు సెలవు పెట్టి వస్తోంది. నా కోసం కాదు.

రెండేళ్లకు నా వంతు వస్తుంది. ఆనాడు నన్ను గురించి ఎవరు రాయగలరని బాగా ఆలోచించాను. నా పాఠాల్లోనూ మంచిని వెతికి పట్టుకోగల ఓపిక ఆమెకు తప్ప మరొకరికి లేదు. అందుచేత వరదమ్మ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చెక్కుచెదరని జ్ఞాపకశక్తితో చిరకాలం వర్ధిల్లాలని, కలం మాత్రం అప్పుడే పక్కన పెట్టరాదని హృదయపూర్వకంగా, కొంత స్వార్థంతోనూ కోరుకుంటున్నాను.

— మునిరత్నం, కంప్యూటర్ విభాగం